దండుగ యెవరు వేయవలెను? గస్తీ యెవరు తిరుగవలెను?

మద్యపానము హానికరమని నిరూపించుటకు మేమీ వ్యాసమును వ్రాయుట లేదు. ఆ సంగతి మన విద్యార్థులకు ఆఱవ తరగతినాటికే తెలియును. పది వాక్యములు వ్రాయుమన్నచో పదునైదు వ్రాయగలరు. తెలిసియు త్రాగువారు కలరు గనుక చిక్కు తెలియకపోవుటలో లేదు. మేము విచారింపదలచినది వేఱొక ప్రశ్న. పగారు ముట్టిన సాయంకాలములందును, గణపతి నిమజ్జనపు రాత్రులందును, డిసెంబరు 31వ తేదీనాడును సాంచాల షెడ్ల వెనుక సందులలో మీసములైన రాని పిల్లలు సీసాలతో కూర్చుండుటను తలిదండ్రులు కొందఱు కన్నులార చూచుచున్నారు. చూచి, "సారూ, మనోళ్లే పదిమంది కట్టెలు పట్టుకొని తిరిగి, దొరికినోనికి ఐదొందలు జుర్మానా ఏస్తే రెండు నెలల్ల అంత సక్కగయితది గద!" అని మమ్ము అడుగుచున్నారు.

ఆ మాటలోని బాధ నిజమైనది. పండ్రెండు గంటలు మగ్గముకడ నిలిచి వచ్చిన తండ్రికి, తన కుమారుడు వీథిలో తూలుచు కనబడినప్పుడు కలుగు దుఃఖమును మేము తక్కువగా నెంచుట లేదు. కాని ఉపాయము బాధ వంటిది కాదు. దానిని పరీక్షించి గాని స్వీకరింపరాదు.

ముందుగా మాటలను చూతము. 'జరిమానా' పారసీకమునుండి మనకు వచ్చినది. తెలుగు మాట 'దండుగ'. తప్పు చేసినవాడు చెల్లించు ధనము దండుగయే, ఊరక వ్యర్థమైపోయిన సొమ్మును దండుగయే. మన పూర్వులు ఒకే మాటతో ఈ రెంటిని చెప్పుకొనుట మాకు వింతగా తోచదు. కులపంచాయతీలలో దీనినే 'తప్పు' అనెడివారు. 'తప్పు వేసిరి', 'తప్పు కట్టినాడు' అను పలుకుబడి, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని భీవండికి వచ్చిన మన కుటుంబములలోని వృద్ధులకు తెలిసినదే. పలు గ్రామములలో ఆ తప్పు సొమ్ము ఏమయ్యెడిదో పిల్లలకు తెలియకపోవచ్చును. పంచాయతీ ముగిసినపిమ్మట పెద్దలందఱు చేరి దానితో కల్లు తెప్పించుకొనెడివారు! త్రాగి తగవులాడినవానికి వేసిన తప్పు తీర్పరుల ముంతలలోనికే చేరెడిది. ఇది నవ్వుకొనదగినదే. అయినను జరిమానానుగూర్చి ఆలోచించువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇందులోనే యున్నది. ఆ డబ్బు ఎవరి సంచిలోనుండి వచ్చును? ఎవరి సంచిలోనికి పోవును?

తొమ్మిదవ తరగతి బాలునికి సంపాదన లేదు. వానిపై వేసిన ఐదువందల రూపాయలు తండ్రి పగారునుండి రావలెను. లేదా ఇంటిలో బీడీలు చుట్టియో, కండెలు చుట్టియో తల్లి కూడబెట్టిన మూటనుండి రావలెను. వేయి బీడీలు చుట్టినగాని కూలి లెక్కకురాని పనిలో ఐదువందలన్నచో ఎన్ని దినముల వ్రేళ్ల శ్రమయో గణితము నేర్చిన పిల్లలు తామే లెక్కకట్టుకొనవచ్చును. త్రాగినవాడొకడు, దండుగ కట్టినది మఱొకరు. అదియుగాక తండ్రియే త్రాగుచున్న యిల్లు కలదు. అట్టి యింటికి జరిమానా కబురు చేరిన రాత్రి పిల్లవానికిని తల్లికిని ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. ఇక వాడు మఱునాటినుండి త్రాగుట మానునా? మా యనుభవమునుబట్టి చెప్పవలెనన్నచో, స్థలమును మార్చును. దీపమున్న సందు వదలి, దీపములేని చెఱువుగట్టునకో, కామవారి నది యొడ్డునకో పోవును. వానికక్కడ ఏదేని ఆపద వచ్చినను చూచువాడుండడు.

ఇక ప్రభుత్వము వేయు జరిమానాలను చూతము. వాని చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది. 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో 510వ విభాగమొకటి యుండెడిది. మత్తులో బహిరంగస్థలమునకు వచ్చి ఇతరులకు బాధ కలిగించినవానికి 24 గంటల సాధారణ ఖైదు గాని, పది రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని దాని సారాంశము. ఆ కాలమున పది రూపాయలు కూలివానికి పెద్ద మొత్తము. నూటయఱువదియేండ్లకు పైగా ఆ పది రూపాయలు పది రూపాయలుగనే నిలిచి, తుదకు ఒక కప్పు చాయకైనను చాలని జరిమానాగా మిగిలినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 355వ విభాగము దానిని వేయి రూపాయల వఱకు పెంచినది. అంతకన్న ముఖ్యమైన మార్పు మఱొకటి యున్నది. ఖైదునకును జరిమానాకును బదులుగా సమాజసేవను, అనగా న్యాయస్థానము ఆజ్ఞాపించు కూలిలేని పనిని, విధించు వీలు అందు చేర్పబడినది. ధనము లేనివాడు తన కాలముతో ఋణము తీర్చుకొనవచ్చునన్నమాట. ఈ చిన్న మార్పును తలిదండ్రులు గుర్తుంచుకొందురుగాక. దీని యవసరము ముందు కలుగును.

మన రాష్ట్రమునకు ప్రత్యేకమైన చట్టము వేఱుగ కలదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము, 1950 ఏప్రిలునుండి ఆనాటి బొంబాయి రాష్ట్రమంతట సంపూర్ణ నిషేధమును నెలకొల్పినది. తరువాతి కాలమున సడలింపులు వచ్చి దుకాణములు తెఱువబడినవి గాని, చట్టము మహారాష్ట్ర పేరుతో నేటికిని జీవించియే యున్నది. బహిరంగస్థలములో మత్తుతో అల్లరి చేయుట దాని 85వ విభాగము ప్రకారము నేరము. బీరునకు 21 ఏండ్లు, ఘాటైన మద్యములకు 25 ఏండ్లు నిండినగాని ఈ రాష్ట్రములో అనుమతి లేదు. కాబట్టి ఉన్నత పాఠశాల విద్యార్థికి చట్టప్రకారము మద్యము అమ్మగల దుకాణము మహారాష్ట్రములో ఒక్కటియు లేదు. అయినను సీసా వాని చేతికి వచ్చినది. ఎవరో ఇచ్చిరి.

ఆ ఇచ్చినవానినిగూర్చి 2015 నాటి బాలన్యాయ చట్టము ఏమనుచున్నదో వినుడు. వైద్యుని యాజ్ఞ లేక, పదునెనిమిది యేండ్లు నిండని బాలునికి మత్తుపానీయము గాని పొగాకు గాని ఇచ్చినవానికి ఏడేండ్ల వఱకు కఠిన ఖైదును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు 77వ విభాగము విధించుచున్నది. బాలుని ద్వారా మద్యమును అమ్మించినను, మోయించినను, సరఫరా చేయించినను 78వ విభాగము క్రింద అంతే శిక్ష. ఇంటికి సీసా తెమ్మని పిల్లవానిని పంపు పెద్దలు ఈ వాక్యమును రెండు మాఱులు చదువుకొనుట మంచిది.

ఇప్పుడీ రెండు చట్టములను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. త్రాగి అల్లరి చేసినవానికి ఒక దినము, వేయి రూపాయలు. పిల్లవానికి పోసినవానికి ఏడేండ్లు, లక్ష రూపాయలు. చట్టము తన భారమంతయు ఏ వైపున మోపినదో స్పష్టముగా కనబడుచున్నది. కఱ్ఱలు పట్టుకొని తిరుగుదుమనువారి యోజనలో ఈ త్రాసు తలక్రిందులైనది. పిల్లవానికి కఱ్ఱ, దుకాణదారునికి నమస్కారము! పిల్లవాడు చేతికి సులభముగా చిక్కును, దుకాణదారుడు చిక్కడు. అందుచేతనే ఇట్లు జరుగుచున్నదని మా యభిప్రాయము.

వాహనముల సంగతి ఒక్క మాటలో చెప్పి విడుతుము. త్రాగి బండి నడిపినవానికి 2019 సవరణ తరువాత మొదటి తప్పునకే పదివేల రూపాయల వఱకు జరిమానా, ఆఱు నెలల వఱకు ఖైదు కలవు. మైనరు బండి నడిపి నేరము చేసినచో, వాని సంరక్షకునికి లేక బండి యజమానికి ఇరువదియైదు వేల జరిమానాయు, మూడేండ్ల వఱకు ఖైదును పడవచ్చును. కుమారునికి బండి తాళము ఇచ్చునప్పుడు తండ్రి ఈ సంగతి తలచుకొనవలెను.

జరిమానా వేయు అధికారము న్యాయస్థానమునకును, చట్టము పేర్కొన్న అధికారులకును తప్ప ఎవరికిని లేదు. గస్తీ తిరుగు యువకుడు, ఎంత మంచివాడైనను, ఒక్క రూపాయి వసూలు చేసినచో అది బలవంతపు వసూలే యగును. పట్టి కట్టివేసినచో అక్రమ నిర్బంధము. కొట్టినచో కొట్టినవాడే నేరస్థుడు. సామాన్య పౌరుడు ఒకనిని పట్టుకొనుటకు చట్టములో అవకాశము లేకపోలేదు. తన కన్నులయెదుట తీవ్రమైన నేరము, అనగా బెయిలు హక్కుగా లేనిదియు, పోలీసువారు వారెంటు లేకయే పట్టుకొనదగినదియు జరిగినప్పుడు పట్టుకొని, ఆఱు గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను. సందులో సీసాతో కూర్చున్న పిల్లవాడు ఆ కోవకు చెందడు. బాలుని పోలీసులు సైతము లాకప్పులో ఉంచరాదని బాలన్యాయ చట్టము శాసించుచున్నది. పోలీసులకే లేని యధికారము మన వీథి యువకులకెక్కడనుండి వచ్చును?

ఈ సందర్భమున చేతి ఫోనులనుగూర్చి చెప్పకతప్పదు. పట్టుబడిన పిల్లవాని ముఖమును చిత్రించి నలుగురికి పంపుట కొందఱికి గొప్ప శిక్షగా తోచుచున్నది. కేసులో చిక్కిన బాలుని పేరు, ఇల్లు, పాఠశాల గుర్తింపబడునట్లు వెల్లడించుటను బాలన్యాయ చట్టపు 74వ విభాగము నిషేధించినది. అట్లు చేసినవారికి ఆఱు నెలల ఖైదు గాని, రెండు లక్షల వఱకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. చట్టమటుండనిండు. పదునైదేండ్ల పిల్లవాడు ఆ చిత్రమును చూచుకొని మఱునాడు బడికి రాకపోయినచో, ఆ పిదప రానేరాకపోయినచో, గస్తీ సాధించినదేమి?

అట్లయిన గస్తీయే వలదందురా యని అడుగవచ్చును. వలదనము. గస్తీ యెట్లుండవలెనో నేర్చుకొనుటకు మనము దూరమేగవలసిన పనియు లేదు. భీవండి పట్టణము 1970 మే నెలలోను, మఱల 1984 మే నెలలోను మతకలహములతో దగ్ధమైనది. 1984 కలహములు ఇచటినుండి ఠాణా, బొంబాయి నగరములకు ప్రాకి రెండువందలకు పైగా ప్రాణములను బలిగొన్నవి. ఆ తరువాత, 1988లో ఇచటికి పోలీసు ఉపకమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే పట్టణమును పేటలుగా విభజించి సుమారు 70 మొహల్లా కమిటీలను ఏర్పఱచెను. ఒక్కొక్క కమిటీలో హిందువులును ముస్లిములును సమసంఖ్యలో ఉండిరి. పేటను ఎఱిగిన పోలీసు కానిస్టేబులు వారితో కలిసి కూర్చుండెడివాడు. ఈ కమిటీలు అల్లరులు వచ్చినప్పుడు మాత్రము మేల్కొనునవి కావు. అల్లరి లేని దినములలో కూడి, నీటి కొళాయి తగవులు, ఇరుగుపొరుగు మాటపట్టింపులు మున్నగు చిన్న సంగతులను మాటలాడుకొనుచు వచ్చినవి. 1992 డిసెంబరు 6న అయోధ్య ఘటన జరిగిన పిదప బొంబాయి తగులబడినది. దానికి కూతవేటు దూరమున నున్న భీవండి ప్రశాంతముగా నిలిచినది. దేశమంతట ఆశ్చర్యముతో చెప్పుకొనిన సంగతి యిది.

ఈ కమిటీల బలము కఱ్ఱలో లేదని విద్యార్థులు గ్రహింతురుగాక. ఎవరి కుమారుడెవడో, ఎవని కోపము ఎంతవఱకు పోవునో, ఎవరి మాట ఎవడు వినునో వారికి ముందే తెలియును. కఱ్ఱ పట్టిన అపరిచితుని చూచి పిల్లవాడు పరుగెత్తును. "ఏం బిడ్డా, ఇంత రాత్రి ఇక్కడేం పని?" అని పేరు పెట్టి పిలిచిన పొరుగింటి పెద్దమ్మను చూచి సీసాను వెనుకకు దాచుకొనును. పరుగెత్తినవాడు తిరిగి వచ్చును. దాచుకొనినవానిలో సిగ్గింకను మిగిలియున్నది. మన పట్టణములో దీనికి మఱొక కారణము కూడ కలదు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ మాటలాడువారు గోడకు గోడ ఆనించి జీవించుచున్న చోట, మత్తులో ఒక కుఱ్ఱవాడు మఱొక పేట మొగలో అన్న మాట వాని మాటగా మాత్రమే నిలువదు. అట్లే ఒక పేట యువకులు కఱ్ఱలతో మఱొక పేట పిల్లవానిని కొట్టినను అది మద్యపాన నివారణగా నిలువదు. కనుక గస్తీలో ఒకే కులమువారు, ఒకే భాషవారు ఉండుటను మేము హర్షింపము.

ఇక మన మాతృభాషా ప్రాంతమున జరిగిన దృష్టాంతమొకటి. నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున 1991 ప్రాంతమున స్త్రీలు రాత్రి బడికి పోయి చదువు నేర్చుచుండిరి. త్రాగివచ్చినవారు ఆ బడిని సాగనీయలేదు. అందుపై స్త్రీలు ఏకమై, రోశమ్మ మున్నగువారు ముందు నడువగా, ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. ఈ వృత్తాంతము వయోజనుల వాచకములో పాఠముగా నెక్కినది. ఆ పాఠమును చదివిన ప్రక్క గ్రామముల స్త్రీలు, "వారు చేసిన పని మనము చేయలేమా?" యనుకొనిరి. 1992లో జిల్లాలో సారా వేలములు సాగకుండ అడ్డుకొనబడినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. ఒక పాఠము చదివి ఇంతమంది కదలుట పాఠములు చెప్పుకొని బ్రదుకు మా వంటివారికి గర్వకారణమని చెప్పుకొనుటకు సంకోచింపము.

ఆ యుద్యమములోను కొన్ని గ్రామములందు త్రాగినవారికి జరిమానాలు వేసిరి, గుండ్లు గీయించిరి. వానిని మేము మెచ్చుట లేదు. కాని ఆ స్త్రీలు పని నెక్కడ మొదలుపెట్టిరో గమనింపుడు. దుకాణముకడ, సారా తెచ్చు బండికడ, వేలము పాట జరుగు కచేరీకడ మొదలుపెట్టిరి. మన మహారాష్ట్రములోనే రాళేగణ్ సిద్ధి గ్రామమున, త్రాగుబోతులను స్తంభమునకు కట్టి కొట్టిన సంగతిని అన్నా హజారే స్వయముగా చెప్పియున్నాడు. ఆ యూరు బాగుపడినది, నిజమే. నీటిపనులవలన, పొలములవలన, పనులు దొరకుటవలన బాగుపడినదని మా తలంపు. దెబ్బలను మాత్రమే చూచి అనుకరించువారు నీటిపనులను మఱచుచున్నారు.

దుకాణమును ఎదుర్కొనుటకు మన రాష్ట్రములోని స్త్రీలకు చట్టబద్ధమైన మార్గమొకటి కలదు. మరాఠీలో దీనిని 'ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ' అందురు. నిలువు సీసా, అడ్డ సీసా యని అర్థము. 2008 నాటి ఉత్తర్వు ప్రకారము, వార్డులోని ఓటర్లలో గాని, స్త్రీ ఓటర్లలో గాని నాలుగవవంతుమంది సంతకములు చేసి కోరినచో దుకాణము మూతనుగూర్చి ఓటు పెట్టవలెను. మొత్తము ఓటర్లలో సగముకన్న ఎక్కువమంది అడ్డ సీసా గుర్తునకు వేసినచో దుకాణము మూతపడును. సగము పోలైన ఓట్లలో కాదు, జాబితాలోనున్న ఓటర్లందఱిలో సగము; కావున ఇది కష్టమైన పనియే. అయినను పద్మానగరములోగాని, కామత్‌ఘర్‌లోగాని బీడీలు చుట్టుచు కూర్చున్న అరుగులమీద సంతకములు సేకరించుటకు ఎవరి కఱ్ఱయు అక్కఱలేదు. మరాఠీలో విజ్ఞాపనపత్రము వ్రాయుటకు మన పదవ తరగతి పిల్లలు తల్లులకు తోడ్పడగలరు.

దుకాణములేని చోట నాటుసారా వచ్చునను భయము న్యాయమైనదే. 2015 జూనులో ముంబయిలోని మాల్వణీలో కల్తీసారా త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. హాత్‌భట్టీ సారా అమ్ము చోటు తెలిసినచో గస్తీవారు తామై దూకక, 112 సంఖ్యకు తెలుపవలెను.

గస్తీవారు తప్పక నేర్వవలసిన విద్య యింకొకటి యున్నది. దానిని కొంచెము విపులముగా వ్రాయుదుము. త్రాగి పడిపోయిన పిల్లవాడు కనబడినప్పుడు చుట్టుచేరినవారు నిమ్మరసము పోయుదురు, చల్లని నీళ్లు కుమ్మరింతురు, గొంతులో వ్రేలుపెట్టి కక్కింతురు. ఇవన్నియు ప్రమాదకరములు. రక్తములో చేరిన మద్యమును కాలేయము తన వేగముననే తొలగించును. మజ్జిగగాని, చాయగాని, స్నానముగాని ఆ వేగమును పెంచలేవు. స్పృహలేనివానిని వెల్లకిల పరుండబెట్టినచో వాంతి శ్వాసనాళములోనికి పోయి ప్రాణము పోవచ్చును. ప్రక్కకు ఒత్తిగిలబెట్టి, తల కొంచెము వెనుకకు వంచి, నోరు క్రిందివైపునకు ఉండునట్లు చేయవలెను. ఊపిరి నెమ్మదించినను, ఒళ్లు చల్లబడినను, పిలిచిన పలుకకున్నను 108 సంఖ్యకు ఫోను చేసి, బండి వచ్చువఱకు ఒకరు ప్రక్కనే యుండవలెను. మత్తు దిగును లెమ్మని వదలిపోరాదు; కడుపులోనున్న మద్యము పడిపోయిన తరువాత కూడ రక్తములోనికి చేరుచునే యుండును. చిన్న శరీరమునకు ఈ ప్రమాదము మఱింత హెచ్చు. ఇల్లు వదలిన, దిక్కులేని పిల్లవాడైనచో 1098 కలదు.

గస్తీ పెట్టదలచిన పెద్దలకు మా సూచన లివి. పేర్లపట్టికను ముందుగా పోలీసు ఠాణాలో వ్రాతమూలముగా ఇయ్యవలెను. ప్రతి జట్టులో ఇద్దఱు తల్లులైన నుండవలెను. చేతిలో టార్చి తప్ప మఱేమియు ఉండరాదు. డబ్బు ముట్టరాదు, ఫోటో తీయరాదు. గస్తీ తిరుగువాడు ఆనాడు తాను త్రాగియుండరాదని వేఱుగ వ్రాయనక్కఱలేదనుకొంటిమి గాని, వ్రాయుటయే మేలు. వారి చిట్టాలో పిల్లల పేర్లు కాక, వెలుగని వీథిదీపములు, మైనర్లకు అమ్మిన దుకాణములు, సీసాలు దొరకిన చోట్లు తేదీలతో ఎక్కవలెను. మునిసిపల్ కార్పొరేషనునకును, ఎక్సైజు శాఖకును చూపదగినది ఆ చిట్టాయే.

పట్టుబడిన పిల్లవానికి ఏ దండనయు లేదా? కలదు. పైన చెప్పిన సమాజసేవ యనుమాటను మన పాఠశాల స్థాయికి కుదించుకొనవచ్చును. తలిదండ్రుల సమ్మతితో, తరువాతి నాలుగు శనివారములు సాయంకాలము ఆఱు గంటలకు వాడును గస్తీవారితో కలిసి తిరుగవలెను. దీపములు లెక్కపెట్టుట, చిట్టా వ్రాయుట వాని పని. తల్లి మూటనుండి దీనికి ఒక్క రూపాయియు అక్కఱలేదు. ఎనిమిది గంటలకు వానిని ఇంటి గుమ్మమువఱకు చేర్చి, గస్తీవారు తమ రెండవ చుట్టునకు పోవలెను.